ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అట. చాయ్ బందు పెట్టి కాఫీ తాగుమంటున్నరు, ఏం జెయ్యాలె?

మిర్చియార్డు
అందరికి నమస్తె. నాకు 43 ఏండ్లు. వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్ల ఒక అడ్తి దుకాన్ల గుమాస్తా పని. కడుపుల గ్యాసు, కుడిపక్క బరువు బరువు అని పోతె డాక్టర్ స్కానింగ్ రాసిండు. గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్, అంటె లివర్ల కొవ్వు వట్టిందని వచ్చింది. లివర్ రక్తపరీక్షల ఎస్‌జీపీటీ 78, ఎస్‌జీఓటీ 51. బరువు 84 కిలోలు, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. షుగర్ బార్డర్ మీదున్నదన్నడు. ఒక్క గోలి రాసి, "బరువు తగ్గు, నడువు" అని పంపిండు.

ఇగ అసలు ముచ్చట. హైదరాబాద్ల ఉండె మా బావమరిది వీడియో ఒకటి పంపిండు. రోజుకు మూడు కప్పుల కాఫీ తాగితె లివర్ కడిగినట్టయితదట. నాకు బుద్ధి తెలిసినకాంచి మా ఇంట్ల కాఫీ లేదు. పట్నం నుంచి సుట్టాలొస్తె కిరాణం కాడ చిన్న పొడి పాకిట్ తెస్తరు, గంతె. చాయ్ మాత్రం మిర్చి సీజన్ల ఏడెనిమిది అయితయ్. రైతు దిగితె చాయ్, ఖరీదుదారు వస్తె చాయ్, కాంటా అయితె చాయ్.

చాయ్ ఇడిశిపెట్టి కాఫీ మొదలువెట్టాల్నా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

నిట్_గేటు_కాడ
కాఫీతోని లివర్ కడుగుడైతె మా హాస్టల్ పోరగాండ్ల లివర్లు అద్దం లెక్క మెరవాలె అన్నా.

డికాషన్
నేను తెనాలి నుంచి ఉద్యోగం మీద వచ్చి హనుమకొండలో ఉండిపోయినవాణ్ణి. 26 ఏళ్లయింది. ఈ ఊళ్లో ఎవరింటికి వెళ్లినా "చాయ్ తాగుతరా?" అని అడుగుతారు, కొన్నిచోట్ల అడగకుండానే తెచ్చి పెట్టేస్తారు కూడా. ఇక్కడ కాఫీ గురించి చర్చ మొదలయ్యే రోజు ఒకటి వస్తుందని నేను అనుకోలేదు. మిర్చియార్డు గారూ, కళ్లు మూసుకుని మొదలుపెట్టండి. నాకు 61. పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, చిక్కటి డికాషన్. లివర్ పరీక్షలన్నీ నార్మల్. ఇంతకన్నా రుజువేం కావాలి?

స్టెత్_మెడల
డికాషన్ గారూ, మీ లివర్ బాగుందంటే సంతోషమే. కాని ఒక్కరి లివర్ చూసి లెక్క కట్టలేం కదా. నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని, ఇక్కడే జిల్లాలో పని. ఆ వీడియోలో "కడుగుడు" అన్నది అబద్ధం. మిగిలినదానిలో కొంత నిజం ఉంది.

అమెరికాలో ఆర్థర్ క్లాట్‌స్కీ అనే పరిశోధకుడి బృందం 2006లో 1,25,580 మంది రికార్డులు చూసి ఒక పేపర్ రాసింది. మందు తాగడం వల్ల వచ్చే సిరోసిస్ (లివర్ మచ్చలు కట్టి పాడవడం) ముప్పు, రోజుకు తాగే ఒక్కో కప్పు కాఫీకి 22 శాతం చొప్పున తక్కువగా కనబడింది. అదే మనుషుల్లో చాయ్ తాగేవాళ్లను చూస్తే ఏ తేడా లేదు. 2016లో ఇంకో బృందం అంతకుముందు వచ్చిన 9 అధ్యయనాలు కలిపి చూసింది, మొత్తం 4 లక్షల 30 వేల మందికి పైనే. రోజుకు రెండు కప్పులు ఎక్కువ తాగేవాళ్లలో సిరోసిస్ ముప్పు 44 శాతం తక్కువ. 2021లో బ్రిటన్ బయోబ్యాంకులో (లక్షల మంది ఆరోగ్య వివరాలు దాచే చోటు) 4,94,585 మందిని పదేళ్లకు పైగా గమనించిన లెక్క వచ్చింది. కాఫీ తాగేవాళ్లలో దీర్ఘకాల లివర్ జబ్బు 21 శాతం తక్కువ, ఆ జబ్బుతో చావులు 49 శాతం తక్కువ. మూడు నాలుగు కప్పుల దగ్గర లాభం ఎక్కువ, ఆ పైన తాగినా పెద్దగా పెరగలేదు.

ఆ బ్రిటన్ లెక్కలో కెఫీన్ తీసేసిన కాఫీ తాగినవాళ్లకీ లాభం కనబడింది. అంటే అంతా కెఫీన్ మహిమ కాదు. కాఫీ గింజలో క్లోరోజెనిక్ ఆమ్లం లాంటివి ఇంకా చాలా ఉన్నాయి.

కెఫీన్ పని మాత్రం వినదగ్గదే. లివర్‌లో స్టెల్లేట్ కణాలని ఉంటాయి. మామూలుగా నిద్రపోతుంటాయి. కొవ్వో, మందో, వైరసో లివర్‌ని రోజూ గాయం చేస్తుంటే అవి లేచి నారలాంటి మచ్చ కట్టడం మొదలుపెడతాయి. అదే ఫైబ్రోసిస్, ముదిరితే సిరోసిస్. ఆ కణాల్ని లేపే సంకేతాల్లో ఒంట్లో ఉండే అడెనోసిన్ అనే రసాయనం ఒకటి. కెఫీన్ ఆ అడెనోసిన్ కూర్చునే చోట తాను కూర్చుంటుంది. మెదడులో నిద్ర రాకుండా చేసేదీ ఇదే పద్ధతిలో.

ఇప్పుడు రెండో పక్క చెప్తాను. ఇవన్నీ మనుషుల్ని చూసి రాసుకున్న లెక్కలు. "నువ్వు తాగు, నువ్వు తాగకు" అని చీటీలు తీసి చేసిన పరీక్షలు కావు. కెఫీన్‌ని విరగ్గొట్టేదే లివర్. మంచి లివర్ ఉన్న మనిషిలో తాగిన కెఫీన్ సగానికి రావడానికి 5 గంటలు పడుతుంది. సిరోసిస్ ముదిరితే దానికి ఎన్నో రెట్లు. అలాంటివాడు ఒక కప్పు తాగినా రాత్రంతా గుండె దడే, నిద్ర పట్టదు. దాంతో తనంతట తానే కాఫీ మానేస్తాడు. అప్పుడు మన లెక్కలో ఏం కనబడుతుంది? "కాఫీ తాగనివాళ్లకే లివర్ జబ్బులు." పరిశోధకులు ఈ చిక్కు తీయడానికి మొదటి కొన్నేళ్ల కేసులు పక్కన పెట్టి చూస్తారు, అయినా పూర్తిగా పోదు.

మిర్చియార్డు
సార్, మస్తు చెప్పిన్రు. అయితె తాగాల్నా వద్దా?

స్టెత్_మెడల
తాగితే నష్టం లేదు. జబ్బు నయం చేసే ఔషధం అనుకుని మాత్రం తాగకు. మిగతాది మీ లెక్కల సారు ఎవరైనా వస్తే చెప్తారు, నాకు ఓపీ టైమైంది.

బొగ్గుబాయి
తమ్మీ మిర్చియార్డు, నేను గోదావరిఖని. 31 ఏండ్లు బాయిల పనిచేసి దిగిన. నైట్ షిఫ్ట్ అంటె కాఫీ లేకుంటె నడవకపోయేది, ఫ్లాస్కు నింపుకొని పోయేటోళ్లం.

నీతోని ఒక్క సంగతి అడుగుత, ఏమనుకోకు. నువ్వు బరువు రాసినవ్, ఎత్తు రాసినవ్, చాయ్‌లు లెక్కవెట్టి రాసినవ్. మందు సంగతి రాయలే.

ఎందుకు అడుగుతున్ననంటె, మా క్వార్టర్ల వరుసల ఒకాయన ఉండె. పేరెందుకులె. పొద్దుగూకితె మందు, పొద్దున లేస్తె చిక్కటి కాఫీ, పాలు లేకుండ. కాఫీ లివర్‌కు మంచిదని ఎవరో చెప్పిన్రట ఆయినకు. "రాత్రి పాడు చేసిందాన్ని పొద్దుగాల బాగు చేస్తున్న" అని నవ్వుకుంట చెప్పెటోడు. మేం గుడ నవ్వేటోళ్లం. మూడేండ్లు గడిచినంక కండ్లు పచ్చవడ్డయ్, కడుపుల నీళ్లు చేరినయ్. నీళ్లు గుంజెతందుకు నెలకోపారి దవాఖానకు తోల్కపోతుంటిమి. పోయి రెండేండ్లు అయితున్నది. ఆయిన కాఫీ కప్పు ఇప్పటికి వాళ్లింట్ల గూట్ల బోర్లించి ఉన్నది.

మిర్చియార్డు
కాకా, దాపెట్టుకునుడేం లేదు. ఆదివారం ఆదివారం ఒక కోటరు. సీజన్ల దావత్‌లుంటె ఎక్కువనే అయితది. ఊరికి పోతె తాటికల్లు. కల్లు మంచిదే కదా, చెట్టు నుంచి వచ్చేది.

స్టెత్_మెడల
ఓపీ అయిపోయింది, మళ్లీ వచ్చాను. మొదటి పోస్టులోనే ఇది రాయాల్సింది అన్నా, మీ డాక్టర్‌కైనా చెప్పారా? కోటర్ అంటే 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం లెక్కన అందులో అచ్చమైన ఆల్కహాల్ 60 గ్రాములు. ఒక్క పూటలో అంత లివర్ మీద పడుతుంది. కల్లులో ఉండేదీ అదే ఆల్కహాల్, పలచగా ఉంటుందంతే. చెట్టు నుంచి వచ్చిందని లివర్‌కి తెలియదు. కల్తీ కల్లు సంగతి మన జిల్లాల్లో నేను చెప్పాల్సిన పని లేదు.

బొగ్గుబాయి గారు చెప్పిన ఆయన చేసిన తప్పు చాలామంది చేస్తారు. క్లాట్‌స్కీ గారే ఆనాడు చెప్పారు, సిరోసిస్‌కి మందు కాఫీ కాదు, మందు మానడమే అని.

లెక్కల_సారు
రిటైర్డు మ్యాథ్స్ టీచర్ని, పర్కాల. డాక్టర్ గారు నన్నే పిలిచినట్టున్నది.

అందరు "కప్పు, కప్పు" అంటున్నరు. ఏ కప్పు? ఆ విదేశీ లెక్కలల్ల కప్పు అంటె పెద్ద మగ్గు, 200 మిల్లీలీటర్లకు అటూఇటూ, ఎక్కువ మంది తాగేది పాలు ఇన్ని చుక్కలు పోసుకున్న కాఫీ. మన బస్టాండు హోటల్ల గ్లాసు నేను ఇంటికి తెచ్చి (అడిగే తెచ్చిన, దొంగతనం కాదు) కొలగ్లాసుతోని కొలిచిన. అంచుదాక పోస్తె 90. వాళ్లు అంచుదాక పొయ్యరు. అండ్ల సగానికి పైన పాలు. అంటె వాళ్ల మూడు కప్పులు కావాల్నంటె మన హోటల్ గ్లాసులు ఎన్నో మీరే లెక్కగట్టుండ్రి.

ఇగ చక్కెర. అదే హోటల్ల చాయ్‌ల రెండు చెంచాలు వడుతది. రెండు చెంచాలంటె సుమారు 10 గ్రాములు. ఎనిమిది చాయ్‌లకు 80 గ్రాములు. నెలకు 2 కిలోల 400 గ్రాములు. మిర్చియార్డు బాబూ, నీకు కాంటా పెట్టుడు తెలుసు గదా, ఒక్కసారి రెండున్నర కిలోల చక్కెర సంచిల పోసి చేతుల పట్టుకొని చూడు. ఆ చక్కెరల సగం ఫ్రక్టోజ్. దాన్ని సదిరే పని ఎక్కువ లివర్‌దే, ఎక్కువైనంత కొవ్వు జేసి దాచుకుంటది. నీ స్కానింగ్‌ల కనవడ్డది అదే కావచ్చు.

చాయ్ బదులు అంతే చక్కెరతోని కాఫీ తాగితె రంగు మారుతది. ఇంకేం మారదు.

నిట్_గేటు_కాడ
సారు గ్లాసు వాపస్ ఇచ్చిండా?

లెక్కల_సారు
ఇచ్చిన. చాయ్ గుడ తాగి వచ్చిన. చక్కెర తక్కువ ఎయ్యమన్న.

ల్యాబ్_రిపోర్టు
నాది ల్యాబ్ టెక్నీషియన్ పని, కరీంనగర్. ఒక్క రెండు మాటలు. ఎస్‌జీపీటీ అంటె లివర్ కణం దెబ్బతింటె రక్తంలోకి కారే ఎంజైమ్. కాఫీ తాగేవాళ్లలో అది కొంచెం తక్కువ ఉండడం చాలా దేశాల లెక్కల్లో కనిపించింది, జీజీటీ అనే ఇంకో లివర్ ఎంజైమ్ కూడా. కాని స్కానింగ్‌లో గ్రేడ్ 1, 2, 3 అనేది స్క్రీన్ మీద ఎంత తెల్లగా ఉందో కంటితో చూసి రాసేది. కొవ్వు ఉందని చెప్తది, మచ్చ కట్టిందో లేదో చెప్పదు. దానికి లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ వేరే. ఎస్‌జీపీటీ నార్మల్ వచ్చినా లోపల మచ్చ ఉన్నోళ్లు ఉంటరు. అందుకని కాఫీ తాగి ఎస్‌జీపీటీ పది తగ్గంగనే పండుగ చేసుకోకుండ్రి.

పరీక్షకు వచ్చేముందు రాత్రి దావత్ చేసుకొని పొద్దున వచ్చి "రిపోర్టు తప్పు వచ్చింది" అని నాతోని కొట్లాడేటోళ్లు నెలకు ఇద్దరు ముగ్గురు ఉంటరు. ఊరికె చెప్తున్న.

ఓరుగల్లు_ఆయుర్
నేల ఉసిరి, తిప్పతీగ, ఇంకో ఐదు మూలికల పొడి. 21 రోజులల్ల లివర్ కొత్తది అయితది. కాఫీలు గీఫీలు వేస్టు. కావాల్సినోళ్లు నా నంబర్‌కు

వేదిక_పెద్ద
పై పోస్టులో నంబర్ తీసేశాను. ఇక్కడ మందులు అమ్మొద్దు, ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు రాయొద్దు. ఇంకోసారి రాస్తే ఖాతా మూసేస్తా.

మెడికల్_షాపు_అక్క
మంచి పని చేసిన్రు పెద్దన్నా. తిప్పతీగ పేరు తీసిండు కాబట్టి చెప్తున్న. కరోనా టైమ్‌ల ఇమ్యూనిటీ అని జనం అది మస్తు తాగిన్రు. 2021ల ముంబైల డాక్టర్లు, దాని తర్వాత లివర్ దెబ్బతిని వచ్చిన కేసుల మీద పేపర్ రాసిన్రు. అప్పుడు మా షాపుల గుడ కషాయం డబ్బాలు ఎట్ల పోయినయో నాకే తెలుసు. బరువు తగ్గుతందుకు గ్రీన్ టీ క్యాప్సూల్ అడిగేటోళ్లు గుడ ఉన్నరు. కప్పుల తాగే గ్రీన్ టీ వేరు, సారం గుంజి క్యాప్సూల్ల నింపింది వేరు. ఎక్కువ మోతాదుల ఆ సారం లివర్‌ను పాడు చేసిన కేసులున్నయి.

ఇగ కాఫీ సంగతి. షాపు కాడ రోజు చూసేవి రాస్తున్న, వరుస లేదు.

థైరాయిడ్ గోలి కాఫీతోని మింగుతరు ఆడోళ్లు. మింగొద్దు. గోలి సరిగ్గ ఒంటికి పట్టదు. నీళ్లతోని వేసుకొని అర్ధగంట, గంట ఆగి తాగుండ్రి. మా ఆడిబిడ్డకు డోసు పెంచుకుంట పోయిన్రు, అసలు సంగతి పొద్దుగాల్ల కాఫీ అని ఆరు నెలలకు తెలిసింది.

సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ గోలి వాడే ఐదు రోజులు కాఫీ తగ్గియ్యాలె. కెఫీన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఆ గోలి ఆపుతది. దడ పుట్టి, చేతులు వణికి, "గోలి పడలేదక్కా" అని వస్తరు. గోలి పడ్డది, కాఫీ ఒంట్ల ఉండిపోయింది. గర్భం రాకుండ వేసుకునే గోలీలతోని గుడ కెఫీన్ ఒంట్ల రెట్టింపు సేపు ఉంటది. బీడీ, సిగరెట్ తాగేటోళ్లకు ఉల్టా, తొందరగ పోతది. అందుకనే సిగరెట్ మానినోళ్లు అదే కాఫీ తాగితె దడదడ అంటరు.

తలనొప్పి గోలీలు కొన్నిట్ల పారాసిటమాల్‌తోని కెఫీన్ కలిపి వస్తది. అట్ట చదువుండ్రి.

చిన్ని_జనగామ
అక్కా, మా చెల్లెకు ఐదో నెల. కాఫీ అలవాటున్నది. బందు పెట్టాల్నా?

మెడికల్_షాపు_అక్క
తగ్గియ్యాలె చెల్లె. గర్భిణికి రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటొద్దంటరు, మామూలు మనిషికి 400. చిన్న కప్పులు రెండు వరకు పర్వాలేదు, చాయ్ గుడ అండ్లనే లెక్క. అన్నం తిన్నంక వెంటనె వద్దు, తిండిల ఐరన్ ఒంటికి పట్టదు. వాళ్ల డాక్టర్‌ను ఒక్కమాట అడగమను.

ఏది_నమ్మాలె
ఇదంత కాఫీ కంపెనీల పనే. ఒకప్పుడు కాఫీతోని క్యాన్సర్ వస్తదని పేపర్లల్ల నేనే చదివిన. ఇప్పుడు క్యాన్సర్ రాదంటున్నరు. రేపు ఇంకేదో అంటరు.

స్టెత్_మెడల
మీరు చదివింది నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1991లో కాఫీని "క్యాన్సర్ రావచ్చు" అనే జాబితాలో పెట్టింది, మూత్రాశయం విషయంలో. 2016లో వెయ్యికి పైగా అధ్యయనాలు మళ్లీ చూసి తీసేసింది. అప్పట్లో కాఫీ తాగేవాళ్లలో సిగరెట్ తాగేవాళ్లు ఎక్కువ, ఆ పాపం కాఫీ మీద పడిందన్నది ఒక కారణం. పైగా లివర్ క్యాన్సర్ కాఫీ తాగేవాళ్లలో తక్కువని కూడా అప్పుడే రాసింది. లెక్క మార్చుకుంది కాబట్టే నేను నమ్ముతాను.

అదే ఏడాది వాళ్లు ఇంకోటి చెప్పారు, అది మన చాయ్ జనానికి పనికొచ్చేది. 65 డిగ్రీలు దాటిన వేడితో ఏది తాగినా అన్నవాహికకు క్యాన్సర్ ముప్పు ఉండొచ్చు. స్టేషన్‌లో బండి కదులుతుంటే పొగలు కక్కే గ్లాసు ఒక్క గుక్కలో లాగించే అలవాటు నాకూ ఉంది. మానుకుంటున్నా.

డికాషన్ గారూ, మీకో చేదు కబురు. కాఫీ గింజలో కెఫెస్టాల్ అనే నూనె పదార్థం ఉంటుంది, అది చెడ్డ కొలెస్ట్రాల్ పెంచుతుంది. కాగితం ఫిల్టర్ దాన్ని ఆపుతుంది. లోహపు జల్లెడ ఆపదు. మీ కొలెస్ట్రాల్ ఎప్పుడు చూపించుకున్నారు?

డికాషన్
లివర్ గురించి కదండీ చర్చ.

డికాషన్
సరే. ఎల్‌డీఎల్, అదే మీరన్న చెడ్డ కొలెస్ట్రాల్, 148. మా అబ్బాయి నెయ్యి వల్ల అన్నాడు.

నేనూ ఒకటి చెప్తాను. ఇక్కడ దుకాణాల్లో దొరికే పొడి పాకెట్ వెనక్కి తిప్పి చదవండి. చికోరీ ఎంత శాతమో రాసి ఉంటుంది, రాయాలని రూలు. మనకి అమ్మే మిశ్రమంలో 51 శాతం కాఫీ ఉంటే చాలు, మిగతాది చికోరీ అయినా చట్టానికి అభ్యంతరం లేదు. చికోరీ అంటే వేయించిన వేరు, అందులో కెఫీన్ ఉండదు. మీరు చెప్పే లెక్కలన్నీ కాఫీవి, వేరువి కావు. నేను 80కి 20 కలుపుతాను, రుచి కోసం. మిర్చియార్డు గారికి మాత్రం చికోరీ లేనిదే చెప్తాను.

బొగ్గుబాయి
మిర్చియార్డు తమ్మి జాడ లేడు. భయపెట్టినమా?

మిర్చియార్డు
(మూడు నెలలైనంక)

లేదు కాకా, సీజన్ల తీరలేదు. అందరికి దండాలు. ఇయ్యాల రిపోర్ట్ వచ్చింది, అందుకె రాస్తున్న.

బరువు 78. పొద్దుగాల్ల భద్రకాళి చెరువు కట్ట మీద 45 నిమిషాలు నడుస్తున్న. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె. ఎస్‌జీపీటీ 43. ల్యాబ్ అన్న చెప్పినట్టు పండుగ చేసుకోలే, ఫైబ్రోస్కాన్ గుడ చేయించుకున్న. 6.1 వచ్చింది, మచ్చ పెద్దగ లేదన్నడు డాక్టర్. కొవ్వు ఇంక ఉన్నది, ఆర్నెల్లకు మళ్ల రమ్మన్నడు.

మందు బంద్. సీజన్ దావత్‌లల్ల కూసునుడే కష్టమైంది. "ఏమైందిరా, మాల ఏసినవా?" అని అడిగెటోళ్లు. ఒకపారి కల్లు రెండు గ్లాసులు తాగిన, అబద్ధం చెప్పుడెందుకు.

చక్కెర సంగతి లెక్కల సారుకు చెప్పాలె. మా ఇంటామె నిజంగనె రెండున్నర కిలోలు కాంటా పెట్టి నా ముందట పెట్టింది. ఏమనలే. పెట్టి లోపలికి పోయింది.

చాయ్ ఇప్పుడు రెండే, చక్కెర లేకుంట. కాఫీ రెండు, పాలు లేకుంట. యార్డు ముందట చాయ్ బండాయినను కాఫీ నల్లగ ఇయ్యమంటె "పాలున్నయే అన్నా, అయిపోలే" అన్నడు. మూడు రోజులు అట్లనె అన్నడు. ఇప్పుడు నన్ను చూడంగనె పొడి డబ్బ తీస్తడు. చేదుగనె ఉంటది, కాని నిద్రమత్తు పోతది, కాంటా లెక్క తప్పుత లేను. బరువు కాఫీతోని తగ్గిందా అంటె నాకు నమ్మకం లేదు, నడకతోని, తిండితోని తగ్గింది. బావమరిది మాత్రం "నా వీడియో" అని ఊరంత చెప్పుకుంటున్నడు.

స్టెత్_మెడల
84 నుంచి 78 అంటే 7 శాతం. అంత తగ్గితే లివర్‌లో కొవ్వే కాదు, వాపు కూడా దిగే అవకాశం ఉంది. 10 శాతం దాకా పోతే మచ్చ కూడా కరిగిన కేసులున్నాయి. ఇంకో రెండున్నర కిలోలు.

మిర్చియార్డు
చేస్త సార్. డికాషన్ గారూ, ఇంట్ల చేసుకునుడెట్లనో నేర్పిస్తరా? పొడి పాకిట్ కాఫీ బాగలేదు. గిన్నెల మరిగిస్తె కషాయమైతున్నది.

డికాషన్
26 ఏళ్లలో నన్ను ఈ మాట అడిగిన మొదటి వరంగల్ మనిషి మీరే. అడ్రసు ఇక్కడ రాయకూడదన్నారు కనుక మీ ఇన్‌బాక్స్ చూడండి. ఆదివారం పొద్దున ఆరింటికి రండి. కాగితం ఫిల్టర్లు తెప్పించాను, ఎల్‌డీఎల్ కోసం. చక్కెర డబ్బా మా ఆవిడ దాచేసింది.